పాలిచ్చే తల్లికి గర్భం రాదా?

"బిడ్డ పాలు తాగినన్నాళ్ళూ మళ్ళీ నెల తప్పదు" అని మన పెద్దవాళ్ళు అంటుంటారు. ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. దీన్నే నమ్ముకుని, ఒళ్ళో బిడ్డకు ఏడాది నిండకుండానే మళ్ళీ కడుపుతో ఆరోగ్య కేంద్రానికి వచ్చే తల్లులు ఉన్నారు. అసలు సంగతి తలలో ఉన్న ఒక చిన్న గ్రంథి దగ్గర ఉంది.

దాని పేరు పీయూష గ్రంథి. డాక్టర్లు పిట్యూటరీ అంటారు. మెదడు కింద, ఎముక గూటిలో బఠానీ గింజంత ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. అయినా ఒంట్లో చాలా గ్రంథులకు ఇదే మేస్త్రి. హార్మోన్లనే రసాల్ని రక్తంలోకి వదిలి వాటిచేత పని చేయిస్తుంది. స్త్రీకి నెలనెలా అండం విడుదల కావాలన్నా, పురుషునికి వీర్యకణాలు తయారు కావాలన్నా దీని ఆజ్ఞ ఉండాలి.

బిడ్డ రొమ్ము పట్టగానే ఆ కబురు మెదడుకు అందుతుంది. పీయూష గ్రంథి ప్రొలాక్టిన్‌ను వదులుతుంది, పాలు తయారవుతాయి. ఆక్సిటోసిన్ అనే మరో రసం పాలను చేపుకు తెస్తుంది. బిడ్డ ఏడుపు వింటేనే రవిక తడిసేది అందుకే! బిడ్డ అలా మాటిమాటికీ చీకుతున్నంత కాలం అండాన్ని విడుదల చేయించే ఆజ్ఞలు అణగి ఉంటాయి. రాత్రి పాలు తగ్గినా, పోతపాలు, జావ మొదలైనా ఆ పట్టు సడలుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. మొదటి బహిష్టుకు ముందే అండం విడుదల కావచ్చు. అంటే ముట్టు కాకుండానే కడుపు రావచ్చు.

నాచారం పక్కన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవారు పేద కుటుంబాల బాలింతలను పరిశీలించి 1981లో ఒక అధ్యయనం ప్రకటించారు. తల్లి పోషణకూ, మళ్ళీ గర్భం రావడానికీ ఉన్న సంబంధమే అందులోని విషయం. అందుచేత పక్కింటి వదినకు రెండేళ్ళు ముట్టు రాలేదని మీరూ ధీమాగా ఉండకండి.

బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రింబవళ్ళు తల్లిపాలే తాగాలి, బహిష్టు మొదలై ఉండకూడదు. ఈ మూడూ ఉంటే నూటికి ఇద్దరికి మించి గర్భం రాదు. ఒక్కటి తప్పినా వేరే సాధనం కావాలి. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టి వేయించుకోవచ్చు. పాలిచ్చే తల్లి ఛాయ మాత్రలు వాడవచ్చు. భర్త నిరోధ్ వాడవచ్చు. మాలా-ఎన్ మాత్ర పీయూష గ్రంథి ఆజ్ఞలను ఆపి పనిచేస్తుంది. కాని పాలు తగ్గించవచ్చు కనుక ఆరు నెలల దాకా వద్దు.

ఈ గ్రంథికీ జబ్బులు వస్తాయి. కాన్పు లేకుండానే రొమ్ముల్లో పాలు రావడం, ముట్టు ఆగిపోవడం, పిల్లలు కలగకపోవడం ప్రొలాక్టిన్ ఎక్కువైతే కనిపించే గుర్తులు. ఒక్కోసారి గ్రంథిలో చిన్న గడ్డ ఉంటుంది. అది సాధారణంగా క్యాన్సర్ కాదు, చాలామందికి మాత్రలతోనే తగ్గుతుంది. తలనొప్పితోపాటు పక్కచూపు తగ్గితే మాత్రం ఆలస్యం చేయకండి. ఈ జబ్బు మగవారికీ వస్తుంది. కోరిక తగ్గుతుంది, సంతానానికీ అడ్డు. కోడలిని "గొడ్రాలు" అనే ముందు కొడుకునూ పరీక్షకు పంపండి.

ఇంకొకటుంది. కాన్పులో రక్తం విపరీతంగా పోతే గ్రంథికి రక్తం అందక దెబ్బ తినవచ్చు. ఆ తల్లికి పాలు పడవు, ముట్టు తిరిగి రాదు, నీరసం, చలి వదలవు. దిష్టి అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. రోజూ వేసుకునే మాత్రలతో ఆమె మామూలుగా బతకగలదు. వాటిని సొంతంగా మానితే ప్రాణానికే ముప్పు.

ఈ గుర్తులుంటే ముందు దగ్గరి ఆరోగ్య కేంద్రంలో చెప్పండి. ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారి కుటుంబాలకు నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. భార్యాభర్తలిద్దరూ వెళ్ళండి. వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్ళండి. వాంతులకు, మనోవ్యాధికి ఇచ్చే కొన్ని మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి.