పాత ట్రాక్టరు లిఫ్టు

పాత చిన్న ట్రాక్టరు. కల్టివేటరును మెల్లగా లేపుతోంది. లేపినా నిలవట్లేదు. "పెద్ద పంపు వేయిస్తే సరి" అంటారు. ఆగండమ్మా! డబ్బు మనది.

లిఫ్టును లేపేది నూనె. ఇంజను తిరిగితే పంపు తిరుగుతుంది. పంపు నూనెను సిలిండరులోకి నెడుతుంది. లిఫ్టు చేతులు లేస్తాయి.

పెద్ద పంపు ఎక్కువ నూనె తోస్తుంది. లిఫ్టు త్వరగా లేస్తుంది. అంతేగాని ఎక్కువ బరువు ఎత్తదు. బరువు ఎత్తేది నూనె ఒత్తిడి. దానికి హద్దు ఉంది. హద్దు దాటకుండా ఒక వాల్వు కాపలా కాస్తుంది. కొందరు ఆ వాల్వునే బిగిస్తారు. అప్పుడు పైపు పగలవచ్చు.

ముందు నూనె చూడండి. పాలలా తెల్లగా ఉందా? నీళ్లు కలిశాయి. నురగ వస్తోందా? గాలి చేరింది. నూనె, ఫిల్టరు మార్పించండి. ఇది తక్కువ ఖర్చు. ఇంజను ఆపగానే లిఫ్టు దిగిపోతోందా? సీలు అరిగి ఉండవచ్చు. దానికి కొత్త పంపు మందు కాదు. మెకానిక్‌ను మీటరు పెట్టి ఒత్తిడి చూడమనండి. పంపు అరిగిందని తేలితేనే మార్పించండి.

నూనె ఎక్కడ కారుతోందో వేలితో వెతకవద్దు. సన్నని చిల్లు నుంచి చిమ్మే నూనె సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న గాయమే. ఆలస్యమైతే చెయ్యే పోవచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. వెతకడానికి అట్టముక్క వాడండి. కల్టివేటరును నేలకు దించి, ఇంజను ఆపాకే పని మొదలుపెట్టాలి.