కొండ లోపలి ప్లాట్‌ఫాం: దోఆయి స్టేషన్ కథ

జపాన్‌లోని గున్మా ప్రిఫెక్చర్ ఉత్తర కొసన, తనిగావా పర్వతం పాదాల దగ్గర దోఆయి అనే చిన్న రైల్వే స్టేషన్ ఉంది. టోక్యో వైపు వెళ్లే రైళ్లు అక్కడ నేల మీదే, స్టేషన్ భవనం పక్కనే ఆగుతాయి. నీగాతా వైపు వెళ్లేవి మాత్రం సుమారు 70 మీటర్ల దిగువన, సొరంగంలో ఆగుతాయి. ఒకే స్టేషన్‌లో ఇంత ఎత్తు తేడా రావడానికి కారణం ఆ కొండను రెండుసార్లు, రెండు వేర్వేరు ఎత్తుల్లో తొలవడం.

టోక్యో నుంచి జపాన్ సముద్ర తీరంలోని నీగాతాకు వెళ్లాలంటే మధ్యలో పర్వతాలు అడ్డం. ఒకప్పుడు రైళ్లు నగానో మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవి. 1931 సెప్టెంబరులో 9.7 కిలోమీటర్ల షిమిజు సొరంగంతో జోయెత్సు లైను పూర్తయ్యాక దాదాపు 98 కిలోమీటర్ల దూరం, నాలుగు గంటల ప్రయాణం తగ్గిపోయాయి. సొరంగం మరీ పొడవు కాకుండా కొండను కాస్త ఎత్తులో తొలిచారు. అంత ఎత్తుకు రైలు ఎక్కాలి కాబట్టి రెండు వైపులా పట్టాలను గుండ్రంగా చుట్టి తీసుకెళ్లారు. అంత పొడవైన సొరంగంలో ఆవిరి ఇంజన్ పొగతో ప్రయాణం కష్టం కనుక ఆ భాగంలో మొదటి నుంచీ కరెంటు ఇంజన్లే నడిచాయి. నోబెల్ గ్రహీత యసునారి కవాబాతా నవల 'యుకిగుని' మొదలయ్యేది ఈ సొరంగం దాటిన రైల్లోనే. ఈ లైను మీదే ఉన్న దోఆయి 1936లో ప్రయాణికుల స్టేషన్ అయింది.

ఒంటి లైను చాలక 1967లో రెండో సొరంగం తెరిచారు. దాని పొడవు 13.5 కిలోమీటర్లు. అప్పటికి అంత పొడవు తొలవడం పెద్ద సమస్య కాదు. అందుకే చుట్టుదారి అవసరం లేకుండా, బాగా దిగువ నుంచి, దాదాపు నేరుగా తీసుకెళ్లారు. పాత దారి టోక్యో రైళ్లకు, కొత్తది నీగాతా రైళ్లకు కేటాయించారు. రైలుకు ఎక్కుడు తప్పింది, ఆ ఎక్కుడు దోఆయిలో దిగే మనిషి కాళ్ల మీద పడింది.

రైలు దిగగానే ఎదురుగా 462 మెట్లు, మలుపన్నది లేకుండా తిన్నగా పైకి పోతాయి. ప్రతి అయిదు మెట్లకు కాస్త చదును. మెట్ల మీద అంకెలు రాసి ఉంటాయి, మధ్యలో కూర్చోడానికి బెంచీలున్నాయి. పక్కన కాలువలో కొండలో ఊరిన నీరు పారుతుంటుంది. ఎండాకాలంలోనూ లోపల చల్లగానే ఉంటుంది. ఎస్కలేటర్ కోసం మెట్ల పక్కన వదిలిన జాగా నేటికీ ఖాళీగానే ఉంది. పైకి చేరాక యుబిసో నదిని దాటించే నడవా, ఆ తర్వాత ఇంకో 24 మెట్లు. మొత్తం 486 మెట్లెక్కి బయటపడేసరికి పది నిమిషాలు పడుతుంది. సిబ్బంది ఉన్న రోజుల్లో నీగాతా రైలుకు టికెట్ల తనిఖీని బయలుదేరడానికి పది నిమిషాల ముందే ముగించేవారు.

ఆ రోజుల్లో ఈ మెట్లు ఎక్కినవారిలో చాలామంది పర్వతారోహకులు. తనిగావా ఎత్తు 1,977 మీటర్లే. కానీ నిట్టనిలువు కొండచరియలు, ఉన్నట్టుండి మారే వాతావరణం వల్ల ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవారు 800కు పైనే. ప్రపంచంలోని అత్యున్నత శిఖరాలతో పోల్చినా ఇది ఘోరమైన లెక్క. టోక్యోకు దగ్గర కావడం, రైలు నేరుగా కొండ కిందికే రావడం ఇందుకు కొంత కారణం.

1982లో జోయెత్సు షింకాన్సెన్ (బుల్లెట్ రైలు) మరో సొరంగం గుండా మొదలయ్యాక దూరప్రయాణికులు అటు మళ్లారు. 1985 నుంచి దోఆయిలో సిబ్బంది లేరు. ఇప్పుడు రోజుకు కొద్ది రైళ్లే ఆగుతాయి. దిగేవారిలో ఎక్కువమంది కేవలం ఆ మెట్లు ఎక్కడానికే వస్తున్నారు. వారి కోసం 2020లో పాత ఆఫీసు గదిలో టీ దుకాణం, ఆవరణలో రాత్రి బసకు గుడారాలు వెలిశాయి.