ఎంబెడెడ్ వ్యవస్థలలో నెట్‌వర్క్ హెడర్ ఫైళ్లు: ఉమ్మడి నిర్వచనాల ఆవశ్యకత

కీలకపదాలు: హెడర్ ఫైలు, సాకెట్, ఎంబెడెడ్ వ్యవస్థ, పోసిక్స్, న్యూలిబ్

ఉపోద్ఘాతం

అను ఖతులలో టైపు చేసిన వ్యాసాన్ని ఆ ఖతులు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫైలులోని సంఖ్యలు మారవు. వాటికి అర్థం చెప్పే పట్టిక మారుతుంది. ఎంబెడెడ్ వ్యవస్థల నెట్‌వర్క్ లైబ్రరీల మధ్యనూ ఇటువంటి చిక్కే ఏర్పడుతుంది. అయితే అక్కడ దోషం వెంటనే కంటికి కనిపించదు. దాని కారణాన్నీ పరిష్కారాన్నీ వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

1. హెడర్ ఫైలు స్వభావం

సీ భాషలో హెడర్ ఫైలు ప్రధానంగా భాగాల మధ్య ఒడంబడిక. ఏ పేరుకు ఏ విలువ, ఏ అంశానికి ఎన్ని బైట్లు అన్నది అది నిర్ణయిస్తుంది. 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చిన సాకెట్ విధానం తరువాత పోసిక్స్ ప్రమాణంలో చేరింది. పోసిక్స్ పేర్లను నిర్దేశించింది గాని, అనేక సంఖ్యావిలువలను ఆయా వ్యవస్థలకే విడిచిపెట్టింది. అందువల్లనే ఐపీవీ6ను సూచించే స్థిరాంకం లినక్స్‌లో 10, ఫ్రీబీఎస్‌డీలో 28.

2. వైరుధ్యం ఏర్పడే తీరు

సాధారణ కంప్యూటరులో హెడర్ ఫైళ్లు ఒకే వ్యవస్థకు అనుగుణంగా సిద్ధమై వస్తాయి. ఎంబెడెడ్ పరికరంలో సీ లైబ్రరీ ఒకచోట నుంచి, నెట్‌వర్క్ లైబ్రరీ మరొకచోట నుంచి రావచ్చు. రెండూ తమ సొంత నిర్వచనాలను వెంట తెచ్చుకొంటే ఘర్షణ తప్పదు.

ఐపీవీ4 చిరునామా నిర్మాణం లినక్స్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ 16 బైట్లే; ఐపీవీ4 కుటుంబ సంఖ్య కూడా రెండింటా 2. కాని లినక్స్‌లో మొదటి రెండు బైట్లూ కుటుంబ సంఖ్యకే చెందుతాయి. ఫ్రీబీఎస్‌డీలో మొదటి బైటు పొడవును, రెండవది కుటుంబాన్ని తెలుపుతాయి. తక్కువ విలువగల బైటును ముందు నిలిపే ప్రాసెసరుపై లినక్స్ పద్ధతి కోడు 2, 0 అని వ్రాస్తే, బీఎస్‌డీ పద్ధతి లైబ్రరీ దానిని ‘పొడవు 2, కుటుంబం 0’ అని చదువుతుంది. కంపైలర్ ఒక్కొక్క ఫైలును విడిగా చూస్తుంది. లింకర్ పేర్లను మాత్రమే జతపరుస్తుంది. కనుక ఏ హెచ్చరికా లేకుండానే తప్పు పరికరంలోకి చేరుతుంది.

3. పరిష్కారం

అంతరిక్ష నౌకలలోనూ వాడే ఆర్‌టీఈఎంఎస్ వ్యవస్థ ఇందుకు మంచి ఉదాహరణ. దానికి ఒకటికి మించి నెట్‌వర్క్ లైబ్రరీలున్నాయి. ఫ్రీబీఎస్‌డీ నుంచి గ్రహించిన ప్రామాణిక నెట్‌వర్క్ హెడర్ ఫైళ్లను దాని సీ లైబ్రరీ అయిన న్యూలిబ్‌లోనే చేర్చారు. ఫలితంగా ఏ నెట్‌వర్క్ లైబ్రరీని ఎంచుకొంటారో తేలకముందే ఇతర లైబ్రరీలను కంపైల్ చేయవచ్చు. ఎల్‌డబ్ల్యుఐపీ లైబ్రరీ కూడా తన సొంత సాకెట్ నిర్వచనాలకు బదులు బయటి హెడర్లను స్వీకరించే ఐచ్ఛికాన్ని కల్పించింది.

ముగింపు

ఉమ్మడి నిర్వచనాలు కేవలం ప్రకటనలు. పరికరపు పరిమిత స్మృతిపై అవి భారం మోపవు. అయితే వాటిలో ఒక్క విలువ మారినా, ఆధారపడిన లైబ్రరీలన్నింటినీ తిరిగి కంపైల్ చేయవలసి ఉంటుంది. ఆ శ్రమ ముందే తెలిసినది, పరిమితమైనది. పేర్లు కలిసి అర్థాలు కలవనప్పుడు కలిగే నష్టం మాత్రం పరికరం పనిలోకి దిగిన తరువాతగాని బయటపడదు.