ఎగ్జిమాకు ఉన్ని జిడ్డు

చర్మం ఎండి పగిలి, పసిబిడ్డ దురదతో రాత్రంతా ఏడుస్తుంటే తల్లికి చేతికందిన ప్రతి తైలమూ ఔషధంగానే తోస్తుంది. లేపనాల డబ్బాపై ‘లానోలిన్’ అన్న పేరు చూసి, అది ఏ జంతువు కొవ్వు, అది పూసుకొని నమాజు చేయవచ్చా అని మమ్మల్ని అడిగేవారున్నారు.

నిజానికది కొవ్వు కాదు, ఒక విధమైన మైనం. గొర్రె చర్మగ్రంథుల నుండి ఊరి ఉన్నికి పట్టే జిడ్డు. కత్తిరించిన ఉన్నిని కడిగి దానిని వేరుచేస్తారు. అందుకు గొర్రెను వధించనక్కరలేదు. పశువుల ఉన్నిని, రోమాలను దివ్య ఖుర్ఆన్ (నహ్ల్ సూరా, 80వ ఆయత్) అల్లాహ్ అనుగ్రహాలలో పేర్కొన్నది. కనుక దాని పరిశుద్ధత విషయంలో మాకు సందేహం లేదు. పంది కొవ్వు కలిసిన లేపనం సంగతి వేరు.

అయితే పరిశుద్ధమైనదంతా ప్రతి ఒంటికీ పడుతుందని కాదు. ఎగ్జిమా సోకిన చర్మం తేమను నిలుపుకోలేదు. లానోలిన్ ఆ తేమ ఆవిరి కాకుండా అడ్డుకుంటుంది, అంతే, వ్యాధిని నిర్మూలించదు. పైగా కొందరికి దానివల్లనే అలర్జీ కలుగుతుంది, ఎగ్జిమా ఉన్నవారికి ఆ అవకాశం మరీ ఎక్కువ. ముందుగా ముంజేతి లోపలివైపు, ఆరోగ్యంగా ఉన్నచోట కొద్దిగా రాసి కొన్నాళ్లు గమనించండి. ఎర్రబారితే మానివేయండి. పుండై రసి కారుతున్నా, జ్వరం వచ్చినా తైలాలతో కాలయాపన చేయక బిడ్డను వెంటనే వైద్యునికి చూపండి.