ఫుట్‌బాల్ చూసొద్దాం.. నొప్పి మాత్రం దాచొద్దు!

‘‘నాన్నా, ఈసారి జూన్‌లో వచ్చేయండి. మా ఊళ్లోనే ప్రపంచకప్ మ్యాచ్‌లు. మీకూ అమ్మకూ టికెట్లు తీస్తా.’’ డాలస్ నుంచి కొడుకు ఫోన్ చేస్తే కాదనేదెవరు? ఈ ఏడాది జూన్ 11 నుంచి జూలై 19 వరకు అమెరికా, కెనడా, మెక్సికోల్లోని 16 నగరాల్లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరుగుతోంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ ప్రాంతానికే 9 మ్యాచ్‌లు దక్కాయి. జూలై 14న ఒక సెమీఫైనల్ కూడా అక్కడే. నల్లగొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో బయల్దేరే 60 ఏళ్లు దాటిన అమ్మానాన్నలు సూట్‌కేసులో తొక్కులు, సకినాలు సర్దుకునే ముందు ఆరోగ్యాన్నీ కాస్త సర్దుకోవాలి.

నెల ముందే డాక్టర్ దగ్గరకు

మధుమేహం, అధిక రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు కనీసం నెల ముందు తమ డాక్టర్‌ను కలవాలి. మందుల పేర్లు, మోతాదు స్పష్టంగా రాయించుకోవాలి. బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఉండాలి. మన బ్రాండ్లు అక్కడ దొరకవు. మన డాక్టర్ చీటీ చూసి అక్కడి మందుల షాపు వాళ్లు మాత్రలు ఇవ్వరు. కాబట్టి ఉన్నన్ని రోజులకూ సరిపడా తీసుకెళ్లాలి. మూడు నెలల మందులకు మించకుండా చూసుకోవాలి.

మాత్రలను విడదీసి ప్లాస్టిక్ కవర్లో కలిపి పోయొద్దు. స్ట్రిప్పులను మందు పేరు కనబడేలా అలాగే ఉంచాలి. నిద్రమాత్రలు, బలమైన నొప్పి మాత్రలు వాడేవారు చీటీ తప్పక దగ్గర పెట్టుకోవాలి. మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద సూట్‌కేసు దారితప్పితే రెండు రోజులు మాత్రల్లేకుండా గడపాల్సి వస్తుంది. ఇన్సులిన్‌నైతే సామాన్లలో అసలే వేయకూడదు. అక్కడి చలికి గడ్డకడితే అది పనికిరాదు.

34 గంటల రోజు

డాలస్‌కూ మనకూ వేసవిలో పదిన్నర గంటల తేడా. మనకు ఉదయం 8 అయితే అక్కడ ముందురోజు రాత్రి 9.30. పడమటికి వెళ్తున్నాం కాబట్టి ప్రయాణం రోజు 24 గంటలతో ముగియదు, దాదాపు 34 గంటలు సాగుతుంది. ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత తీసుకోవాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. చక్కెర తగ్గించే కొన్ని మాత్రలు వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కంగారు దీని గుర్తులు. జేబులో గ్లూకోజ్ పొడో, చక్కెరో ఉంచుకోండి. విమానంలో భోజనం ముందుకొచ్చాకే మాత్ర వేసుకోవడం మంచిది.

కాళ్లు కదలాలి

ఎక్కడో ఒకచోట విమానం మారినా, ఒక్క దఫా ప్రయాణమే 14 గంటలు దాటొచ్చు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్యసంస్థ అధ్యయనం తేల్చింది. అయినా ఈ ముప్పు సుమారు 6,000 మందిలో ఒకరికే. కాబట్టి భయం వద్దు, జాగ్రత్త చాలు. గంటకోసారి లేచి నడవండి. కూర్చున్నచోటే మడమలు, వేళ్లు పైకీ కిందికీ ఆడించండి. నీళ్లు తాగండి. ఇంతకుముందు గడ్డలు వచ్చినవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు బిగుతు మేజోళ్ల గురించి డాక్టర్‌ను అడగాలి. ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు.

నల్లగొండ జిల్లాలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు, వెన్ను బిగుసుకుపోయినవారు నడవ పక్క సీటు, విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ముందే అడగాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఎండ మనకు కొత్తా?

‘‘మన ఎండల ముందు అదెంత’’ అనుకోవద్దు. డాలస్‌లో జూన్, జూలైల్లో ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. పగలూ రాత్రీ ఏసీలో రెండు మూడు వారాలు గడిపితే, శరీరం ఎండను తట్టుకునే అలవాటు కోల్పోతుంది. స్టేడియం ఆర్లింగ్టన్‌లో ఉంది. లోపల పైకప్పు, ఏసీ ఉన్నా, పార్కింగ్ నుంచి లోపలికి నడక, బయట వరుసలు తప్పవు. బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వాడేవారిలో నీరు త్వరగా తగ్గుతుంది. టోపీ పెట్టుకోండి, తరచూ నీళ్లు తాగండి. అక్కడ అమ్మే కూల్‌డ్రింకుల్లో చక్కెర, చిరుతిళ్లలో ఉప్పు ఎక్కువ. స్టేడియంలోకి సంచుల మీద ఆంక్షలుంటాయి. మందుల విషయంలో నిబంధనలేమిటో పిల్లలతో ముందే కనుక్కోమనండి.

చంటిపిల్లలను వెంట తీసుకెళ్తుంటే తట్టు టీకా వేయించారో లేదో చూడండి. 2025లో టెక్సాస్‌లో 700 మందికి పైగా తట్టు సోకింది.

‘గ్యాస్ పట్టింది బిడ్డా’

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఎండా కాదు, విమానమూ కాదు. నోరు విప్పకపోవడం. ఛాతీలో బరువుగా ఉంటే ‘‘ఏం కాలే బిడ్డా, గ్యాస్ పట్టింది’’ అంటారు. పిల్లలకు డాలర్లు ఖర్చు అవుతాయని, మ్యాచ్ ఆగమైతదని బాధను దిగమింగుతారు. గుండెపోటులో పోయే ప్రతి నిమిషమూ గుండె కండరాన్ని తినేస్తుంది. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే. ఆ తర్వాత ఖర్చూ ఎక్కువే, నష్టమూ ఎక్కువే.

అమెరికాలో 1986 నుంచి ఒక చట్టం ఉంది. అత్యవసర విభాగానికి వచ్చిన వారిని, డబ్బు కట్టగలరా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించే చికిత్స చేయాలి. బిల్లు తర్వాత వస్తుంది నిజమే. అందుకే బయల్దేరేముందే బీమా తీసుకోవాలి. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే ఎంతవరకు చెల్లిస్తారో పాలసీలో చదివించుకోవాలి. ఉన్న జబ్బును దాచి బీమా తీసుకుంటే అసలు సమయంలో అది అక్కరకు రాదు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

* ఛాతీలో బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమట
* మూతి వంకర, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం
* అకస్మాత్తుగా ఆయాసం
* ప్రయాణం తర్వాత కొన్ని వారాల్లో ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం

మొదటి మూడింటికి వెంటనే 911కు ఫోన్ చేయాలి. పిక్క వాస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. పిల్లలు ఆఫీసుకు వెళ్లాక ఇంట్లో మీరిద్దరే ఉంటారు. అందుకే ఇంటి చిరునామా, 911, పిల్లల నంబర్లు, మీరు వాడే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకోండి. వెళ్లిన మొదటిరోజే ఈ పని చేయండి.

మ్యాచ్ పోతే టీవీలో చూడొచ్చు. బాధ కలిగిన గంటలోనే బిడ్డకు చెప్పండి.