కార్తె మారితే చదివే పుస్తకమూ మారాలి

ఆకు మీద పురుగు కనబడితే ముందు ఎక్కడికి పోతాం? మందుల దుకాణానికే. ఆకు చూపిస్తాం, ఇచ్చిన డబ్బా పట్టుకొస్తాం, పంట వచ్చినంక ఇస్తామని ఖాతాలో రాయిస్తాం. ఆ మందు ఆ పురుగుకు పనిచేసేదేనా? మనకు తెలియదు. అందుకే దుకాణానికి పోయే దారిలో ఒక్క పూట గ్రంథాలయంలో ఆగండి.

గ్రంథాలయం మనది కాదు, చదువుకున్నోళ్లదని అనుకోకండి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నది మనమే. కూర్చుని చదవడానికి పైసా అక్కరలేదు. ఇంటికి తెచ్చుకోవాలంటే డిపాజిట్ కట్టి సభ్యులుగా చేరాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్‌లో జిల్లాలైనా, ఈ ప్రాంతంలో పుస్తకం కోసం జనం కూడటం కొత్త కాదు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం 1904లోనే వెలసింది.

మరి ఎప్పుడు ఏం చదవాలి?

రోహిణి, మృగశిర: విత్తనం సంగతి

దుక్కులు అయిపోయి, వాన కోసం మొగులు చూసే రోజులివి. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా తెచ్చే వ్యవసాయ పంచాంగం అడగండి. మీ నేలకు ఏ రకం, ఎంత విత్తనం, ఎంత ఎరువు అన్నది అందులో దొరుకుతుంది. విత్తన సంచికి కుట్టిన చీటీ చదవడం కూడా చదువే. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ, మూల విత్తనానికి తెల్ల చీటీ ఉంటాయి. గడువు తేదీ చూడండి. చీటీ, ఖాళీ సంచి, రసీదు పంట ఇంటికి చేరేదాకా దాచండి. మొలక రాకపోతే మీ మాటకు సాక్ష్యం అవే.

పునర్వసు నుంచి హస్త దాకా: పురుగుల సంగతి

సస్యరక్షణ పుస్తకాలు చదవాల్సిన కాలం ఇదే. బొమ్మలున్నది ఎంచుకోండి. పురుగును ఆకు మీద చూసినంక బొమ్మతో పోల్చుకోవచ్చు. 2021లో మిరప పూతను నల్ల తామర పురుగు ఎట్లా ఊడ్చేసిందో మహబూబాబాద్ దిక్కు రైతులు మరచిపోరు. మందు మీద మందు కొట్టినా చాలామందికి తోట దక్కలేదు.

పత్తికి గులాబీ రంగు పురుగు ఉంది. లింగాకర్షక బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితేనే మందు కొట్టాలి. ఈ లెక్క తెలిస్తే ఒక్క తడవ మందు ఖర్చయినా మిగులుతుంది.

డబ్బా మీది రంగు గుర్తు కూడా చూడండి. ఎరుపు అత్యంత విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతాయి.

ఒక జాగ్రత్త. పుస్తకం అచ్చయిన సంవత్సరం చూడకుండా మందు పేరు రాసుకోవద్దు. 2011లో సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్ పేరు పాత పుస్తకాల్లో ఇంకా ఉంటుంది. పురుగు బతికే తీరుకు పాత పుస్తకం పనికొస్తుంది, మందుకు మాత్రం కొత్తదే చూడాలి. అనుమానముంటే మండల వ్యవసాయ అధికారినో, మల్యాల, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రాల వారినో అడగండి.

స్వాతి, విశాఖ: యాసంగి లెక్క

వరి కోతలు, పత్తి ఏరుడు సాగుతుంటాయి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని పోండి. బావిలో ఎన్ని నీళ్లున్నాయో చూసుకుని, ఆరుతడి పంటల మీద పుస్తకాలు తిరగేయండి. నాట్లు వేసినంక చదివితే లాభం లేదు, నారు పోయకముందే చదవాలి. దున్నకుండా సాగుచేసిన జపాన్ రైతు ఫుకుఓకా పుస్తకం 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో తెలుగులో ఉంది. అంతా మన నేలకు నప్పదు గానీ, ఏ ఖర్చు లేకుండా గడుస్తుందో ఆలోచింపజేస్తుంది.

ఎండాకాలం: తీరిక చదువు

పొలం పని లేని మధ్యాహ్నాలు మన కథలు చదువుకోండి. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవల నిజాం నాటి పల్లె బతుకును కండ్లకు కడుతుంది. ఆయన అన్న కృష్ణమాచార్య కవిత్వమూ అడగండి. జనగామ జిల్లా బమ్మెర పోతన్న ఊరు. నాగలి పట్టి భాగవతం రాశాడని మన పెద్దలు చెప్పుకునే మనిషి ఆయన.

చదువు రాదనే వెనుకంజ వద్దు. బడికి పోయే బిడ్డ చదువుతుంటే నలుగురు అరుగు మీద కూర్చుని వినవచ్చు. బిడ్డకు చదువు గట్టిపడుతుంది, మనకు సేద్యం తెలుస్తుంది. కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని కాగితం రాసి గ్రంథపాలకునికి ఇవ్వండి. పదిమంది రైతులు సంతకాలు పెట్టి అడిగితే ఆ మాటకు బరువుంటుంది. ఎవరూ అడగని పుస్తకం ఏ బీరువాలోకీ రాదు.

మందు డబ్బాకు ఖాతా రాయించే ముందు ఒక్క పేజీ చదవండి. ఆ పేజీకి వడ్డీ లేదు.