పురుగుమందుల విక్రయం - చట్టం, దండన

పైరును పాడుచేసే పురుగును చంపే ద్రవాన్ని తెలుగు రైతు ‘మందు’ అంటాడు. మనిషి ప్రాణాన్ని నిలిపే ఔషధానికీ అదే పేరు. పేరు ఒకటే అయినా చట్టం దృష్టిలో మొదటిది విషం. విషాన్ని ఉప్పు, పప్పుల వలె ఎవరు పడితే వారు అమ్మరాదు. కీటకనాశినుల చట్టానికి మూలసూత్రం ఇదే.

గోదావరీ తీరాన వెలసిన ధర్మపురి నరసింహ క్షేత్రంగా, నరసింహ శతకకర్త శేషప్పకవి నివసించిన ఊరుగా సుప్రసిద్ధం. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, ఆ తరువాత జగిత్యాల జిల్లాలో చేరిన ఈ ప్రాంతం వ్యవసాయ ప్రధానమైనది. ఇక్కడి వరికి సుడిదోమ, పత్తికి గులాబీరంగు కాయతొలుచు పురుగు, మొక్కజొన్నకు కత్తెర పురుగు శత్రువులు. పురుగు కనబడిన నాడు రైతు మొదట వెళ్ళేది మందుల దుకాణానికే. దుకాణదారుని మాటే అతనికి ప్రమాణమవుతుంది. కనుక ఆ దుకాణదారుడు ఎవరు, అతనికి అమ్మే అధికారం ఉన్నదా అన్నది రైతు బ్రతుకుకు సంబంధించిన ప్రశ్న.

1958లో కేరళలో పారథియాన్ అనే పురుగుమందు ఆహారపదార్థాలలో కలిసి వందమందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన దేశాన్ని మేల్కొలిపింది. దాని ఫలితంగా 1968లో పార్లమెంటు కీటకనాశినుల చట్టాన్ని చేసింది. 1971లో నిబంధనలు వెలువడ్డాయి. దేశంలో తయారయ్యే, దిగుమతి అయ్యే ప్రతి మందూ ముందుగా కేంద్రంలోని రిజిస్ట్రేషన్ కమిటీ వద్ద నమోదు కావలెను. తయారుచేయడానికీ, అమ్మడానికీ, అమ్మకానికై నిల్వ ఉంచడానికీ, ప్రదర్శించడానికీ, పంపిణీ చేయడానికీ 13వ సెక్షన్ ప్రకారం లైసెన్సు పొందవలెను. దానిని ఇచ్చే అధికారిని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది.

ఒకే వ్యాపారి రెండు చోట్ల దుకాణాలు తెరిస్తే రెండింటికీ వేరువేరుగా దరఖాస్తు చేయవలెను. ఏ కంపెనీ మందులు అమ్మదలచాడో ఆ కంపెనీ ఇచ్చిన ధ్రువపత్రాన్ని చూపవలెను. 2015లో నిబంధనలను సవరించి, వ్యవసాయశాస్త్రం, రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం వంటి విషయాలలో పట్టాను విద్యార్హతగా చేర్చారు. వ్యాపారులకు వ్యవసాయ పరిజ్ఞానం కలిగించేందుకు హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లోనే ఒక సంవత్సరపు డిప్లొమాను ప్రారంభించింది.

లైసెన్సు పొందడంతో వ్యాపారి బాధ్యత తీరిపోదు. దానిని దుకాణంలో అందరికీ కనబడేటట్లు ఉంచవలెను. మందులను ఇతర వస్తువులకు దూరంగా, వేరు గదిలోనో బీరువాలోనో తాళం వేసి భద్రపరచవలెను. ప్రతి అమ్మకానికీ రసీదు ఇవ్వవలెను. డబ్బాపై ఉండే వజ్రాకారపు గుర్తు విషతీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషపూరితమైనదని, పసుపు అధిక విషపూరితమని, నీలం మధ్యరకమని, ఆకుపచ్చ స్వల్పమని అర్థం. చదువురాని వారికి సైతం తెలియాలన్నదే ఈ రంగుల ఉద్దేశం.

లైసెన్సు లేకుండా మందు అమ్మడం, నిల్వ ఉంచడం 29వ సెక్షన్ కింద నేరం. 2000 సంవత్సరపు సవరణ ప్రకారం మొదటి నేరానికి రెండేళ్ళ వరకు జైలు, లేదా రూ. 10,000 నుండి రూ. 50,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్ళీ అదే తప్పు చేస్తే జైలు మూడేళ్ళ వరకు, జరిమానా రూ. 15,000 నుండి రూ. 75,000 వరకు పెరుగుతుంది. అటువంటి వాని పేరును, ఊరును, నేరాన్ని పత్రికలలో ప్రకటింపజేసే అధికారం కూడా న్యాయస్థానానికి ఉంది. వర్తకునికి పరువే పెట్టుబడి కనుక జరిమానా కంటె ఇదే పెద్ద శిక్ష.

వ్యాపారిని దండించడమే కాదు, అన్యాయంగా దండింపబడకుండా కాపాడడమూ ఈ చట్టానికి తెలుసు. ఇన్స్పెక్టరు తీసిన నమూనాను మూడు భాగాలు చేసి, ఒకటి వ్యాపారికి, ఒకటి విశ్లేషకునికి ఇచ్చి, మూడవది న్యాయస్థానానికై ఉంచవలెను. లైసెన్సు గల వారి నుండి కొని, దోషం తెలియక, వచ్చిన సరుకును వచ్చినట్లే అమ్మిన వ్యాపారి, ఆ సంగతిని నిరూపించుకోగలిగితే శిక్ష తప్పించుకోగలడు. తన పొలంలో తాను మందు వాడుకొనే రైతుకు ఈ లైసెన్సు అవసరం లేదు.

ధాన్యం, నూనె, ఉప్పు, ఔషధాలలో కల్తీ చేసిన వర్తకునికి కౌటిల్యుని అర్థశాస్త్రం పన్నెండు పణాల దండన విధించింది. నేటి మోసం వెల అంతకంటె ఎంతో పెద్దది. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తిని లద్దెపురుగు తినివేసినప్పుడు, రైతులు అప్పుతెచ్చి ఎన్నిసార్లు మందు కొట్టినా పంట దక్కలేదు. ఎందరో ఆత్మహత్య చేసుకున్నారు. ఆ విషాదానికి కారణాలు అనేకం. వానిలో నకిలీ మందులు ఒకటని నాడు చర్చ జరిగింది. పనిచేయని మందుతో పోయేది దాని ఖరీదు ఒక్కటే కాదు. పురుగు పెరిగిన ఆ వారం రోజులు మళ్ళీ రావు.

లైసెన్సు లేని వాడు రసీదు ఇవ్వడు. రసీదు లేని రైతు నష్టపోయినప్పుడు ఎక్కడ కొన్నాడో నిరూపించలేడు. రూపాయి తక్కువకు వస్తుందనో, అప్పు పుడుతుందనో రసీదును వదులుకోవడం చట్టం ఇచ్చిన రక్షణను వదులుకోవడమే. ఇంటిలో చదువుకున్న పిల్లలు గోడమీది లైసెన్సును, డబ్బా మీది రంగును, గడువు తేదీని చూసి, రసీదు అడిగి తీసుకుంటే ఆ కుటుంబానికి చదువు చేసిన మేలు అదే.